సుబేదారి యింటి కంప్యూటరు

హనుమకొండ పట్టణమున సుబేదారి యను పేట కలదు. నిజాము ప్రభుత్వకాలమున వరంగల్లు ఒక సుబాకు ముఖ్యస్థానముగా నుండెడిది. ఆ సుబాను పాలించిన సుబేదారుల నివాసము ఇచ్చట నుండుటచే పేటకు ఆ పేరు కలిగినది. 1927వ సంవత్సరమున ప్రారంభమైన ఆర్ట్స్ అండ్ సైన్స్ కళాశాల ఇచ్చటనే యున్నది. కాజీపేట మార్గమున 1959లో ప్రాంతీయ ఇంజనీరింగు కళాశాలకు పునాది పడెను. అది 2002 నుండి జాతీయ సాంకేతిక విద్యాసంస్థగా వెలయుచున్నది. ఇట్లు చుట్టును విద్యాలయము లుండుటచే సుబేదారి వీథులలో ఉద్యోగము విరమించిన అధ్యాపకుల యిండ్లు పెక్కు కానవచ్చును. ఆ యిండ్లలో పెరిగిన పిల్లలు చదువులు ముగించుకొని హైదరాబాదునకో, బెంగుళూరునకో, అమెరికాకో వెడలిపోయిరి. పెద్దలు మాత్రము తమ యింటిని, పెరటిలోని మామిడిచెట్టును విడువలేక అచ్చటనే నిలిచిరి.

అట్టి పెద్దలకు కంప్యూటరు వినోదవస్తువు కాదు. దూరముననున్న మనుమల ముఖములు చూచునది దానియందే. పింఛను లెక్కలు, ఆస్పత్రి కాగితములు, కరెంటు బిల్లు అన్నియు దానియందే యుండును. పింఛనుదారులు తాము జీవించియున్నట్లు ఏటేట ఇయ్యవలసిన ధ్రువపత్రమును సైతము డిజిటలు రూపమున ఇచ్చు ఏర్పాటు 2014 నుండి కలిగినది. చేతి ఫోనుతో ఈ పనులు కొన్ని జరుగును గాని, మందగించిన చూపునకు పెద్ద తెరయు, వణకు వ్రేళ్లకు పెద్ద మీటలును ఎంతో మేలు. ఆ యంత్రము నడుమ ఆగిపోయినచో బాగుచేయువారు ఇంట నుండరు. కావున తల్లిదండ్రుల కొఱకు కంప్యూటరును కూర్చువారు వేగముకన్న నిలుకడను ఎక్కువగా కోరవలెను. ఆ నిలుకడ ఎట్లు లభించునో తెలిసికొనుటకు సుబేదారిలోని అట్టి యింటి నొకదానిని ఊహించుకొనవచ్చును.

ఆ యింట ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడును, ఆయన భార్యయు నివసించుచుండిరి. ఆమెకు బతుకమ్మ పాటలనిన ప్రాణము. పుట్టినింటి యూరిలోని ముసలమ్మల యొద్ద కూర్చుండి వినిన పాటలను ఆమె పెక్కేండ్లు శ్రమించి ఇంటి కంప్యూటరులో వ్రాసియుంచెను. 2018వ సంవత్సరము వేసవిలో ఒకనాటి సాయంకాలము గాలిదుమారము లేచి కరెంటు పోయెను. అది మఱల వచ్చిన క్షణమున కంప్యూటరునుండి టప్పుమని శబ్దము వెలువడి, కాలిన వాసన గదియంతయు నిండెను. కొట్టువాడు పెట్టెను విప్పి చూచి, లోపలి ఎస్.ఎం.పి.ఎస్. కాలిపోయినదనియు, అది తనతో మదర్‌బోర్డును, హార్డ్ డిస్కును కూడ కాల్చినదనియు చెప్పెను. పాటలలో సగము కాగితములమీద అచ్చువేసి యుంచిరి గనుక దక్కినవి. తక్కిన సగము పోయినవి. వానిని పాడిన ముసలమ్మలలో పలువురు అప్పటికే కాలము చేసిరి.

కుమార్తె బెంగుళూరులో ఉద్యోగము చేయుచుండెను. ఆ యేడు బతుకమ్మ పండుగకు పది దినముల సెలవుపై వచ్చి, కొత్త కంప్యూటరును తానే కూర్చెదనని చెప్పెను.

"కొట్టులో సిద్ధముగా దొరకుదానిని కొనరాదా, బిడ్డా? నీ సెలవంతయు దీనికే చెల్లునేమో" అని తండ్రి యనెను.

"కొనవచ్చును, బాపూ. కాని సిద్ధముగా వచ్చు పెట్టెలలో కొన్నిటికి ఎస్.ఎం.పి.ఎస్., మదర్‌బోర్డు ఆ కంపెనీవారి సొంతకొలతలతో నుండును. అవి చెడినచో ఆ కంపెనీనుండియే తెప్పింపవలెను. నేను కూర్చుదానిలో ఏ భాగము చెడినను హనుమకొండ చౌరస్తాలో మఱొకటి దొరకవలెను. నేను లేకున్నను అది నడువవలెను."

తండ్రి నవ్వెను. "వేయిస్తంభాల గుడి మండపమును కూడ ఇట్లే విప్పిరి. పదేండ్లు దాటినవి. ఇంకను నిలుపలేదు. నీవు పది దినములలో నిలిపెదవా?"

ఆయన పరిహాసమున కొంత సత్యము కలదు. రుద్రదేవుడు 1163లో కట్టించిన ఆ గుడి కల్యాణమండపము పునాది క్రుంగుటచే, పురావస్తుశాఖవారు దానిని 2006లో విప్పిరి. రాయిమీద రాయి పేర్చి కూర్చిన కట్టడము గనుక దానిని విప్పుట సాధ్యమైనది. కంప్యూటరునకు అట్టి గుణము మొదటినుండియు లేదు. హైదరాబాదులో 1967లో నెలకొన్న ఇ.సి.ఐ.ఎల్. సంస్థ 1969లో టి.డి.సి.-12 అను కంప్యూటరును నిర్మించినపుడు, అట్టిదానిని ఇంటి బల్లమీద నుంచుకొందుమని ఎవరును తలపలేదు. 1981లో అమెరికాలోని ఐ.బి.యం. సంస్థ విడిభాగములతో కూర్చిన చిన్న కంప్యూటరును వెలువరించినది. ఇతరులును దానికి సరిపడు భాగములను చేయసాగిరి. 1995లో ఇంటెల్ సంస్థ ఏ.టి.ఎక్స్. అను కొలతల ఒడంబడికను ప్రకటించినది. మదర్‌బోర్డునకు మరలు ఎచ్చట నుండవలెనో, ఎస్.ఎం.పి.ఎస్. ఎంత యెత్తుండవలెనో అందు నిర్ణయింపబడినది. ఒక దేశమున చేసిన బోర్డు మఱొక దేశమున చేసిన పెట్టెలో నేటికిని అమరుచున్నదనిన, ఆ ఒడంబడికయే కారణము. కుమార్తె ఆ కొలతల భాగములనే కోరెను.

అయితే ఆమె మొదటి దినమున ఒక్క భాగమునైనను కొనలేదు. ఎలక్ట్రీషియనును పిలిపించి ఇంటి ఎర్తింగును చూడుమనెను. తల్లి కొన్నేండ్లుగా ఒక మాట చెప్పుచుండెడిది: పాత కంప్యూటరు పెట్టెను తాకినపుడు చేయి జివ్వుమనునని. ఎవరును దానిని లెక్కచేయలేదు. ఎస్.ఎం.పి.ఎస్. లోని వడపోత భాగములనుండి కొద్దిపాటి కరెంటు ఎల్లప్పుడును ఇనుప పెట్టెకు చేరుచుండును. అది ఎర్తు తీగద్వారా భూమిలోనికి పోవలెను. ఆ త్రోవ లేనిచో పెట్టెలోనే నిలిచి, తాకినవారి చేతిద్వారా పోవును. హనుమకొండ రాతినేల. రాతినేలలో తేమ నిలువదు; తేమ లేనిచోట ఎర్తింగు పనిచేయదు. అందుకే ఎర్తు గొట్టము చుట్టును బొగ్గును, ఉప్పును వేయుదురు. ఆ యింటి ఎర్తు గుంట ఇల్లు కట్టిననాటినుండి ఎవరును ముట్టకపోవుటచే పూర్తిగా ఎండిపోయియుండెను. ఎలక్ట్రీషియను దానిని త్రవ్వి, బొగ్గు, ఉప్పు మార్చి నీరు పోసెను. వేసవిలో వారమున కొకసారి రెండు బిందెల నీరు పోయుట తండ్రి పనియని కుమార్తె నిశ్చయించెను. మామిడిచెట్టునకు పోయుచున్నాడు గదా, మఱి రెండడుగులు నడచిన చాలును.

మఱునాడు కొట్టునకు పోయిరి. కొట్టువాడు క్యాబినెట్టుతోపాటు వచ్చు ఎస్.ఎం.పి.ఎస్.ను చూపెను. ఆమె దానిని వలదని, వేఱొక మంచి కంపెనీ దానిని కొనెను. ఇంటికి వచ్చు 230 వోల్టుల కరెంటును 12, 5, 3.3 వోల్టులుగా తగ్గించి తక్కిన భాగములకు అందించునది ఎస్.ఎం.పి.ఎస్. అది మంచిదైనచో తాను చెడునపుడు ఒంటరిగా చెడును. చవుకదైనచో ఒక్కొక్కప్పుడు పై వోల్టులను లోపలికి వదలి అన్నిటిని కాల్చివేయును. పాటలు పోవుటకు కారణము అదియే. క్రొత్త యంత్రమునకు ఆటలకు వాడు గ్రాఫిక్సు కార్డు లేదు గనుక అది 100 వాట్లు కూడ వాడదు. అయినను ఆమె 450 వాట్ల దానిని కొనెను. సగము బరువుతో నడచు ఎద్దు అలయదు, ఎస్.ఎం.పి.ఎస్. కూడ అట్లే చల్లగా నడచును.

చల్లదనమును గూర్చి కొంత లెక్క తెలియవలెను. కంప్యూటరు భాగములలో కెపాసిటర్లు అను చిన్న డబ్బాలవంటి వస్తువు లుండును. అవి కరెంటు ఎగుడుదిగుడులను సరిచేయును. పెక్కింటిలోపల ఒక ద్రవము కలదు. వేడికి అది క్రమముగా ఎండును. ఒక కెపాసిటరునకు 105 డిగ్రీల వేడిలో 2000 గంటల ఆయువు అని తయారుచేసినవారు చెప్పిరనుకొనుడు. వేడి 10 డిగ్రీలు తగ్గిన కొలది ఆయువు సుమారు రెట్టింపగునని ఇంజనీర్ల లెక్క. 95 డిగ్రీలలో 4000 గంటలు, 85లో 8000, 75లో 16,000, 65లో 32,000 గంటలు. యంత్రము దినమునకు 5 గంటలు నడచినచో, 75 డిగ్రీల కెపాసిటరు తొమ్మిదేండ్లు నిండక ముందే అలసిపోవును. 65 డిగ్రీలది పదునేడేండ్లు దాటును. కేవలము 10 డిగ్రీల తేడా! ఓరుగల్లు వేసవిలో గది గాలియే 40 డిగ్రీలకు చేరునపుడు ఈ పది డిగ్రీలను సంపాదించుట సులభము కాదు. 2000 తరువాతి కొన్నేండ్లలో ప్రపంచమంతట అమ్ముడైన మదర్‌బోర్డులలో పెక్కింటియందు ఈ ద్రవము సరిగా కుదరక, కెపాసిటర్లు తలలుబ్బి పగిలినవి. అందువలన ఆమె ద్రవము లేని ఘన కెపాసిటర్ల మదర్‌బోర్డును ఎంచుకొనెను.

ఆమె కొన్న ప్రాసెసరు మధ్యతరగతిది. ఎక్కువ వేగము గలది ఎక్కువ వేడి పుట్టించును. పాటలు వ్రాసుకొనుటకు, మనుమలను చూచుటకు అంత వేగ మక్కఱలేదు. చిన్న ఫ్యానుకు బదులు మెల్లగా తిరుగు పెద్ద ఫ్యానులు రెండు పెట్టించెను. పెట్టెకుగల ప్రతి రంధ్రమునకును సన్నని జాలీ బిగించెను. బల్లి ఒకటి ఎస్.ఎం.పి.ఎస్. లోపలికి పోయి తానును చచ్చి, దానిని చంపుట మన యిండ్లలో అపూర్వము కాదు.

ఇక ర్యాము. 8 జి.బి. ఒకే పలకగా దొరకును, 4 జి.బి. పలకలు రెండుగను దొరకును. ఆమె రెండింటిని తీసికొనెను. తండ్రి కారణ మడుగగా, "ఒకటి చెడినను రెండవదానితో నడచును, బాపూ" అనెను. డిస్కులును రెండే. కదలెడి భాగములు లేని ఎస్.ఎస్.డి. దినదినము పనిచేయుటకు, పాత పద్ధతి హార్డ్ డిస్కు ప్రతి రాత్రియు నకలు తీసికొనుటకు. ఒకే పెట్టెలోని రెండు డిస్కులను ఒకే పిడుగు కాల్చగలదు. కావున మూడవ నకలు ఇంటర్నెట్టుద్వారా బెంగుళూరులోని ఆమె యింటికి చేరునట్లు ఏర్పఱచెను. చెడిన ఎస్.ఎం.పి.ఎస్.ను కొనవచ్చును, పోయిన పాటను ఏ చౌరస్తాలోను కొనలేము.

కూర్చుట భోజనబల్లమీద జరిగెను. తల్లి నైలాను చీర కట్టుకొని వచ్చుట చూచి, "అమ్మా, నూలుచీర కట్టుకొని రమ్ము" అని కుమార్తె పలికెను. నైలాను రాపిడికి దేహమున స్థిరవిద్యుత్తు చేరును. అది సుమారు 3000 వోల్టులు దాటినగాని చేతికి చుఱుక్కుమనదు. అంతకన్న ఎంతో తక్కువ వోల్టులకే సున్నితమైన చిప్పులు చెడిపోవచ్చును. ఇనుప పెట్టెను ముందుగా తాకి, ఆ పిమ్మట భాగములను పట్టుకొనుమని ఆమె నేర్పెను. ప్రాసెసరు మూలనున్న చిన్న త్రికోణమును మదర్‌బోర్డుమీది త్రికోణముతో కలిపి, బలము చేయక దింపెను. దానిమీద బఠానీగింజంత లేపనము వేసి ఫ్యానును బిగించెను. ర్యాము పలకలను తల్లిచేతనే పెట్టించెను.

"విఱుగునేమో, బిడ్డా!"

"విఱుగదమ్మా. నడుమనున్న గంటు సరిపోయిన పిమ్మట రెండు కొనలను నొక్కుము. టక్కుమనును."

టక్కుమనెను. తల్లి దానిని తీసి మఱల పెట్టెను. మూడవసారి కన్నులు మూసికొని పెట్టెను. కుమార్తె కోరినదియు ఇదియే. తల్లిదండ్రుల చేయి పడని యంత్రము వారిది కాదు. చెడిన దినమున వారు దానిని తాకుటకే వెఱతురు.

ఆ రాత్రి ఆమె కంప్యూటరునకు వేఱే పని యేదియు చెప్పక, ర్యామును పరీక్షించు ప్రోగ్రామును తెల్లవార్లు నడిపెను. ఉదయమునకు తెరమీద ఎఱ్ఱని గీతలు కనబడెను. ఒక పలకలో దోషము కలదు. పైకి చూచుటకు యంత్రము చక్కగనే పనిచేయుచుండెను. ఈ పరీక్ష జరుపనిచో ఏ ఆఱునెలలకో పాటలోని యొక మాట తానై మాఱిపోయినను ఎవరికిని కారణము తెలియకపోయెడిది. కొట్టువాడు మాఱుమాట లేక వేఱొక పలక నిచ్చెను. రెండవ రాత్రి పరీక్షలో ఏ దోషమును కనబడలేదు.

యంత్రము నిలిచినను సాఫ్ట్‌వేరు నిలువకపోవచ్చును. విండోస్ 10కు రక్షణ మార్పులు ఇచ్చుట 2025 అక్టోబరు 14న ఆగినది. విండోస్ 11 పాత ప్రాసెసర్లను అంగీకరింపదు. 2018లో ఆమె కొన్నది అంగీకారము గలవానిలో మొదటి తరమునకు చెందినది. దీనిని ఆమె దూరదృష్టి యనరాదు, అదృష్ట మనవలెను. అంగీకారము లేనిచో లినక్సు అను ఉచిత సాఫ్ట్‌వేరు ఉండనే యున్నది. తల్లిదండ్రులకు ఆమె ఇచ్చిన ఖాతాలో క్రొత్త ప్రోగ్రాములను చేర్చు అధికారము లేదు. ఫోనులో ఎవరో అపరిచితుడు "మీ కంప్యూటరులో వైరసు కలదు, నేను చెప్పినది దింపుకొనుడు" అనినను అది దిగదు. అట్టివారి మాట వినక ఫోను పెట్టివేయవలెననియు ఆమె చెప్పెను. ఇపుడైనచో అట్టి మోసమును తెలుపుటకు 1930 అను నంబరు కలదు.

సెలవు ముగియు దినమున తల్లి ఒక నోటుపుస్తకములో కుమార్తె చెప్పినవన్నియు తన మాటలలో వ్రాసికొనెను. తెర వెలుగక కూతలు వినబడినచో ర్యాము పలకలు ఒక్కొక్కటిగా తీసి చూడవలెను. యు.పి.ఎస్. నిమిషములోనే ఆగిపోయినచో దాని బ్యాటరీ ముసలిదైనది. తేదీ తప్పినచో చిన్న సెల్లు.

2020 మార్చి 25న దేశమంతట లాక్‌డౌను విధింపబడెను. కొట్లు మూతపడెను. కుమార్తె బెంగుళూరునుండి కదలలేకపోయెను. ఏప్రిలు నెలలో ఒకనాడు కంప్యూటరు మీట నొక్కగా తెర వెలుగలేదు. లోపల కూతలు వినబడెను. తండ్రి ఫోను తీసి కుమార్తెను పిలువబోయెను. తల్లి "ఆగుడు" అని నోటుపుస్తకము తెచ్చెను. తీగలను ఊడదీసి, పెట్టెను తాకి, మొదటి పలకను తీసెను. కూతలు ఆగలేదు. దానిని పెట్టి రెండవదానిని తీసెను. తెర వెలిగెను. ఆ సాయంకాలము తెరమీద కనబడిన కుమార్తెకు తల్లి చేతిలోని పలకను చూపి, "ఇది చెడినది. ఒకటితోనే మాటలాడుచున్నాము" అనెను. ఆ వేసవి యంతయు వారు ఒక్క పలకతోనే మాటలాడుకొనిరి. యంత్రము కొంచెము మెల్లగా నడచెను. కొట్లు తెఱచిన పిమ్మట క్రొత్త పలక తెచ్చిరి.

2021లో యు.పి.ఎస్. బ్యాటరీ మార్చిరి. ఓరుగల్లు వేడికి అవి మూడేండ్లకన్న ఎక్కువ నిలుచుట అరుదు. దానిని గూర్చి చెప్పవలసినది అంతకన్న లేదు.

2024 మార్చిలో వేయిస్తంభాల గుడి కల్యాణమండపమును తిరిగి నిలిపి ప్రారంభించిరి. దంపతు లిద్దరును చూడబోయిరి. ఇంటికి వచ్చి కంప్యూటరు తెఱవగా బ్యాంకు పుట రాలేదు. ఈ చోటు సురక్షితము కాదను హెచ్చరిక తెరమీద నిలిచెను. ఎవరో తమ సొమ్ము దొంగిలించిరని తండ్రి కంగారుపడెను. తల్లి తెర మూలనున్న తేదీ చూచెను. అది ఎన్నో యేండ్లు వెనుకకు పోయియున్నది. తేదీ తప్పిన యంత్రము, బ్యాంకు చూపు ధ్రువపత్రము ఇంకను అమలులోనికి రాలేదని తలచి దానిని నమ్మదు. మదర్‌బోర్డుమీద 20 మిల్లీమీటర్ల వెడల్పుగల నాణెమువంటి సెల్లు ఒకటి కలదు. కరెంటు లేనపుడు గడియారమును నడుపునది అదియే. దానిలోని 3 వోల్టుల శక్తి క్షీణించినది. తండ్రి గడియారముల కొట్టునకు పోయి సి.ఆర్. 2032 అని చీటీ చూపి క్రొత్తదానిని తెచ్చెను. కండ్లద్దాలు సవరించుకొని తానే పాతదానిని పెకలించి, అక్షరములున్న ముఖము పైకి వచ్చునట్లు దానిని అమర్చెను.

తల్లి తేదీని సరిచేసి, ముందునాటి రాత్రి సగములో విడిచిన పాటను తెఱచెను. ఆ పాటను చెప్పిన ముసలమ్మకు తొంబదేండ్లు నిండినవి. రెండవ చరణమున ఒక మాటవద్ద సందేహము కలదు. ఆదివారమునాడు ఊరికి పోయి అడుగవలెనని ఆమె నోటుపుస్తకములో వ్రాసికొనెను.